సూర్యుడి చెల్లెలు

గిట్ట చీలలేదు. ఇక ఏ పండితుడొచ్చి ఏం చెప్పినా వినను. గొర్రె గిట్ట రెండుగా చీలి ఉండాలి, ఇది చీలలేదు, ఒకే ముక్కగా గుండ్రంగా నున్నగా ఉంది, ఇది గుర్రం కాలు, నా ముక్కుకు జానెడు దూరంలో, వందల ఏళ్ళుగా గొర్రె వేషం కట్టుకుని నిలబడ్డ గుర్రం కాలు! పరంజా మీద మోకాళ్ళ మీద కూర్చుని పది నిమిషాల్లో ఇది నాలుగోసారి చూడటం, ప్రతిసారీ గుండె అలాగే ఎగిరిపడుతోంది. తొమ్మిది దాటి అయిదు నిమిషాలు. నాన్న పదిలోపు వస్తానన్నాడు. కింద మేస్త్రీ బకెట్లో గార కలపడం పూర్తిచేసి, తాపీ కడిగి పక్కన పెట్టి, ముందు బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు, పిచ్చిదాన్ని చూసినట్టు.

"అమ్మా, ఇందులో జిప్సం కలిపాను. గంట దాటితే బకెట్లోనే రాయి అయిపోతుంది. తర్వాత నన్ననొద్దు."

"గంట ఉంది కదా బాబాయ్."

"గంట నీకు. బకెట్‌కి యాభై నిమిషాలే."

యాభై నిమిషాలు. ఈ యాభై నిమిషాల్లో నాన్న వచ్చి, ఈ నిచ్చెన ఎక్కి, ఒక్కసారి చూసి, వద్దు అనాలి. లేదా చూడకుండానే కింద నుంచి కానివ్వండి అంటే మేస్త్రీ పైకొచ్చి ఈ గోడ నిండా ఆ గార పూసేస్తాడు, అది మెత్తని సున్నం కూడా కాదు, జిప్సం, పాత రంగును పట్టుకుని కొరికేస్తుంది, రేపు ఎవరైనా మనసు మార్చుకుని తీయబోతే రంగంతా దానితోపాటే పెచ్చులుగా ఊడి వస్తుంది. మూయడం అంటే చంపడమే. నా పని పాత గోడబొమ్మలకు వైద్యం చేయడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, ఇలాంటి బొమ్మ జన్మలో ఒక్కసారి దొరకడమే అదృష్టం, అది దొరికిందీ ఎక్కడ, మా చర్చిలో, మా నాన్న పాస్టరుగా ఉన్న చర్చిలో, పసిపిల్లప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను ముందు బెంచీలో కూర్చుని కాళ్ళాడించుకుంటూ చూసిన గోడ మీద! అప్పుడు ఈ గోడ మీద మంచి కాపరి వేషంలో మా ప్రభువు ఉండేవాడు, ఒక చేతిలో కర్ర, ముందు నాలుగు గొర్రెలు, రెండో చేతిలో నాలుగు తాళ్ళు. గొర్రెలకు తాళ్ళెందుకు నాన్నా అని ఏడేళ్ళప్పుడు అడిగాను. అవి తాళ్ళు కావమ్మడూ, ప్రేమబంధాలు, అన్నాడు నాన్న, తర్వాత వారమే దాని మీద ప్రసంగం చెప్పాడు, జనం కళ్ళు తుడుచుకున్నారు, అప్పటి నుంచి ఏటా ఒకసారైనా ఆ ప్రసంగం పడాల్సిందే, తాళ్ళ ప్రసంగం అంటే నాన్న, నాన్న అంటే తాళ్ళ ప్రసంగం. ఇప్పుడు నేనెలా చెప్పాలి, అవి పగ్గాలు నాన్నా, గుర్రాల పగ్గాలు, నువ్వు నలభై ఏళ్ళు పగ్గాల మీద ప్రసంగం చెప్పావు నాన్నా అని! నవ్వొస్తోంది, ఒంటరిగా పైన కూర్చుని నవ్వుతున్నాను, కింద మేస్త్రీ తల అడ్డంగా ఊపుతున్నాడు.

పైకప్పు కారి గోడ చెమ్మ పట్టకపోతే అసలు నన్ను పిలిచేవాళ్ళే కాదు. కాపరి తల మీద రంగు ఉబ్బి పొరలుగా లేస్తోంది, తిరిగి అంటించడానికి వీల్లేని చోట ఊడనిచ్చి కింద ఏముందో చూడాలి, అది మా పనిలో మామూలే, బ్లేడు మొనతో గోరంత గోరంతగా. మంగళవారం కాపరి తల వెనక బంగారు వలయం అంచున ఒక పెచ్చు లేచింది, కింద ఎర్రటి గీత, కత్తిమొనలా బయటికి పొడుచుకొచ్చిన గీత. పక్కన ఇంకోటి. సాయంత్రానికి ఏడు. కిరణాలు! తల చుట్టూ కిరణాలు! వాటి మధ్య ఖాళీలన్నీ తర్వాతెవరో పసుపు రంగుతో నింపి గుండ్రంగా వలయం చేశారు. బుధవారం చేతిలో కర్ర కింద కొరడా. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. గొర్రెల ఉన్ని కింద జూలు. ఒక మూల రాతిబండ అని మేమంతా అనుకున్న గుండ్రటి వస్తువు కింద చక్రం, ఇరుసుతో, ఆకులతో సహా. రథం తోలుకుంటూ వస్తున్న సూర్యుడు, మన కథల్లోని ఏడు గుర్రాల సూర్యుడు కాదు, నాలుగు గుర్రాల సూర్యుడు, మేమెవరమూ పుట్టకముందు, మా మతం ఈ వీధిలోకి రాకముందు, ఈ గదిలో వేరేవాళ్ళు తెల్లవారుజామున చేతులెత్తి నిలబడ్డ సూర్యుడు. అన్నీ మార్చారు, ముఖం ఒక్కటీ మార్చలేదు. అక్కడ రెండో పొర లేనే లేదు, ఎంత వెతికినా లేదు. చిన్నప్పుడు నేను నోట్లో బొటనవేలు పెట్టుకుని ఎవరి ముఖం చూస్తూ నిద్రపోయానో ఆ ముఖం మొదటిదే.

రెండోసారి రంగు వేసినవాడు నాకు కనిపిస్తున్నాడు. ఇలాగే పరంజా ఎక్కి ఉంటాడు, ఇలాగే మోకాళ్ళు నొప్పెట్టి ఉంటాయి. కింద వాళ్ళ సంఘ పెద్దలు నిలబడి, పాత దేవుడు పోయాడు, కొత్త ఆయన వచ్చాడు, గోడ మాత్రం ఇదే, కానివ్వు, అనుంటారు. వాడు బ్రష్షు ముంచి పైకెత్తి ముఖం వైపు తిరిగుంటాడు. ఈ ముఖానికి వాళ్ళమ్మ దణ్ణం పెట్టి ఉంటుంది, వాణ్ణి చంకనేసుకుని వచ్చి చూపించి ఉంటుంది. చెయ్యి రాలేదు. మిగతాదంతా మార్చేస్తాలెండి, ముఖం బాగానే ఉందిగా, అనుంటాడు, నీళ్ళు నములుతూ. పెద్దలు కూడా చూసి, నిజమే బాగానే ఉంది, అనుంటారు, వాళ్ళ అమ్మలూ ఇక్కడికే వచ్చారు కదా. గుర్రాలకు ఉన్ని తొడిగాడు, చెవులు వంచాడు, మూతులు కుదించాడు, అంత శ్రద్ధగా చేసినవాడు గిట్టల దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాడు, లేదా భోజనానికి పిలిచారు, లేదా వాడు జన్మలో గొర్రెను కాస్త దగ్గరగా చూసినవాడు కాదు, పట్నం మనిషి! పగ్గాలు మాత్రం తీయలేకపోయాడు, తీస్తే చెయ్యి ఖాళీగా గాలిలో వేలాడుతుంది. అలా మిగిలాయి తాళ్ళు. అలా పుట్టింది మా నాన్న ప్రసంగం.

దొంగతనం అంటారు కొందరు, మీ మతంలో సగం అరువు సరుకే అని ఎకసెక్కాలాడతారు, వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దొంగ దాచుకుంటాడు, వీళ్ళు నడిగోడ మీద పెట్టుకుని పాటలు పాడారు! వదల్లేకపోయారు, అదీ సంగతి. వెలుగును ప్రేమించినవాళ్ళకు కొత్త పేరు దొరికింది, ప్రేమ మాత్రం పాతదే, ఒంట్లోనే ఉండిపోయింది. మా చర్చి తూర్పుకు తిరిగి ఉంది, ఎందుకని ఎవరమూ అడగలేదు. వారానికొక రోజు పని మానుకుని వస్తాం, ఆ రోజు పేరులోనే ఆదిత్యుడు కూర్చుని ఉన్నాడు, ఎవరమూ పట్టించుకోలేదు. చలికాలం నడిమధ్యలో, పొద్దు కుదించుకుపోయి మళ్ళీ సాగడం మొదలుపెట్టే వారంలోనే మా ప్రభువు పుట్టినరోజు చేసుకుంటాం. ఆ తేదీ ఎలా వచ్చిందో పండితులు ఇంకా జుట్లు పట్టుకునే ఉన్నారు, పట్టుకోనీ, నాకు తేదీ అక్కర్లేదు, నాకు గిట్ట ఉంది! లేచి నిలబడాలని ఉంది, పరంజా కొయ్యలు పట్టుకుని ఊపాలని ఉంది, రోడ్డు మీదికెళ్ళి బస్సు కోసం నిలబడ్డవాళ్ళందర్నీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాలని ఉంది.

అయితే ఇంకో సగం ఉంది. కుడి పక్కకు లైటు తిప్పడం నాకిష్టం లేదు, అయినా తిప్పుతాను. గురువారం అక్కడ గట్టి గార పొర ఒకటి తీశాను, కింద బొమ్మ ఉంటుందని గంపెడాశతో తీశాను, గుంట కనబడింది. సుత్తితో కొట్టిన గుంటలు, ముప్పయ్యొకటి లెక్కపెట్టాను, కళ్ళ దగ్గర ఎక్కువ లోతు. మొదట కళ్ళే కొట్టారు, తర్వాత నోరు. గుంట పైన జుట్టు కొంచెం మిగిలింది, జుట్టులో నెలవంక, తెల్లగా, సన్నగా, ఎంత ముద్దుగా వేశాడో మహానుభావుడు. కింద చుబుకం కొసా, మెడా, ఒక చెయ్యీ మిగిలాయి, ఆ చెయ్యి సూర్యుడి భుజం మీద ఉంది. చంద్రుణ్ణి మామను చేసుకున్న భాష నాది కాబట్టి నాకు ఒక్క క్షణం పట్టింది, ఆ పాతవాళ్ళకు చంద్రుడు ఆడమనిషి. సూర్యుడికి చెల్లెలు. ఇద్దరూ పక్కపక్కనే, ఒకే కొనదేరిన చుబుకం, ఒకే మెడ, ఒకే చేత్తో ఒకే వారంలో వేసిన బొమ్మలు. అన్నను ఉంచుకుని బట్టలు మార్చారు. చెల్లెల్ని సుత్తితో కొట్టారు. అన్న భుజం మీద చేతిని మాత్రం పైబట్ట మడతలా కనబడేట్టు రంగు వేసి వదిలేశారు. ఈ పక్కకు లైటు ఎందుకు తిప్పనో నాకు బాగా తెలుసు.

మా అత్త. నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు, నాన్న ముఖానికి పొడుగు జుట్టు పెడితే మా అత్త. ఆమె ఒక టైలర్ని చేసుకుంది, ఆయన యూదుడు. మా పుస్తకంలో ముందు సగం వాళ్ళదే, మా ప్రవక్తలు వాళ్ళ ప్రవక్తలే, మా ప్రభువు పుట్టింది వాళ్ళింట్లో, ఆయన తల్లి వాళ్ళ ప్రార్థనలే చేసుకుంది. నేను బడి ఎగ్గొట్టి అత్తింటికి వెళ్ళినప్పుడల్లా మావయ్య మెడలో టేపు వేసుకుని, కుట్టుమిషను ఆపకుండా, "మీ దేవుడు మా వాడేనమ్మా, మా పక్కింటి వడ్రంగి గారి అబ్బాయి, పెద్దవాడయ్యాక మీరు తీసుకుపోయారు, కనీసం అప్పుడప్పుడు మమ్మల్ని చూడ్డానికైనా పంపించండి" అనేవాడు, అత్త నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకునేది. అత్తే నాకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పింది. నాన్న చెడ్డవాడు కాదు, ఆ మాట ముందు చెప్పాలి, ఎక్కడో సముద్రాల అవతలివాళ్ళు ఏ చెట్టుకు మొక్కినా, ఏ రాయికి మొక్కినా, వాళ్ళ భక్తి చూడండి, మనకేదీ అంత భక్తి, అని మెచ్చుకునే మనిషి. అలాంటివాడు చెల్లెలి దగ్గరికొచ్చేసరికి ఒంటికాలి మీద లేచాడు. పన్నెండేళ్ళప్పుడు చర్చి బాప్తిస్మ రిజిస్టరు తిరగేస్తుంటే ఆ పేజీ కనబడింది, అత్త పేరు మీద నాన్న పెన్ను నీలం సిరా, ఒకసారి కాదు, కాగితం చిరిగేదాకా కొట్టేస్తే, అవతలి పేజీ మీద కూడా గాటు పడింది. ప్రభువు సిలువ మీద చనిపోయిన రోజు ప్రసంగంలో నాన్న ఆ జాతిని అనే మాటలు వింటూ నేను గోడమీది కాపరి ముఖం చూసేదాన్ని. దూరపువాడి మీద అంత కోపం రాదు, వాడి ముఖం వేరు. దగ్గరవాడు ఎదురుగా కూర్చుని, ఇది మా ఇల్లు కదా, ఈ గిన్నె మా అమ్మది కదా, అంటాడు, అది వినలేం. ఒక ముఖం ఉంచుకోవాలంటే దాని పక్కన అదే పోలికతో ఇంకో ముఖం ఉండకూడదు, అంతే కాబోలు. నిన్న అత్తకు ఫోన్ చేసి గుర్రాల సంగతి చెబితే చిన్నపిల్లలా కేకలు పెట్టింది. గుంట సంగతి చెప్పలేదు.

"అమ్మా, ఇరవై నిమిషాలే. గార బిగుస్తోంది."

"కాస్త నీళ్ళు పోసి తిప్పు బాబాయ్."

"బిగిసినదాన్ని తిప్పితే గోడకు పట్టదు. చదువుకున్నావు, ఇది కూడా తెలీదా?"

తెలుసు, తెలిసే అన్నాను. తలుపు గడియ పెట్టేస్తే? ఆ బకెట్ ఎత్తి బయట పోసేస్తే? రేపు ఇంకో బకెట్ వస్తుంది. సంఘ పెద్దలు నిన్న చూసి వెళ్ళారు, పైకి ఎవరూ ఎక్కలేదు, కింద నుంచే మూతులు ముడుచుకున్నారు, దయ్యాల బొమ్మ కింద ప్రార్థన చేయమంటారా, ఆదివారం లోపు మూయించండి, లేదంటే మేం వేరే చర్చి చూసుకుంటాం, మీరూ చూసుకోండి, అన్నారట నాన్నతో. పొద్దున ఫోన్లో నాన్న గొంతు పీలగా ఉంది. "మూసెయ్యి అమ్మడూ, ఈ వయసులో నాకెందుకీ గొడవ." ఒక్కసారి ఎక్కి చూడు నాన్నా, చూశాక నువ్వేం చెబితే అది చేస్తాను, అని మాటిచ్చేశాను. ఎందుకిచ్చాను! నాలుక కరుచుకున్నాను ఆ క్షణమే. మాట తప్పుతానా అంటే, తప్పలేను, నాన్న కూతుర్ని. ఈ చేతులతోనే ఆ ముఖం మీద గార పడుతుంటే చూస్తూ నిలబడాలి. నలభై ఏళ్ళ కొలువు పోగొట్టుకోమని కన్నతండ్రిని అడుగుతున్నాను, అదీ నిజమే, సూర్యుడి కోసం, ఒక గుర్రం కాలి కోసం. అయినా అడుగుతున్నాను. ఇంత భయంలోనూ మళ్ళీ వంగి గిట్ట చూస్తున్నాను, అయిదోసారి, అబ్బ ఎంత బాగుంది!

తలుపు చప్పుడు. నాన్న చెప్పుల చప్పుడు, ఎడమ కాలు ఈడుస్తాడు. నిచ్చెన దగ్గర ఆగాడు. పైకి చూడలేదు. మేస్త్రీ లేచి నిచ్చెన పట్టుకున్నాడు. ఒక్కో మెట్టుకూ ఆగి, ఊపిరి పీల్చి, ఎక్కుతున్నాడు, ఎక్కుతున్నాడు! చెయ్యి అందించి లాగి పలక మీద కూర్చోబెట్టాను. ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేదు, కిరణాలు చూడు, ఇదిగో కొరడా, ఇది జూలు, ఇది చక్రం, ముఖం మాత్రం ముట్టుకోలేదు నాన్నా, వాళ్ళకు చేతులు రాలేదు, ఈ గిట్ట చూడు, చీలిందా, చెప్పు, చీలిందా? నాన్న కళ్ళజోడు తుడుచుకుని వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"గుర్రాలా?"

"గుర్రాలే."

"అంటే నేను ఇన్నేళ్ళూ..." భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తున్నాడని హడలిపోయాను, నవ్వుతున్నాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "పగ్గాలా! ఎవరూ అడగలేదే అమ్మడూ, నువ్వు తప్ప!" నేనూ నవ్వాను, అర్థంకాకపోయినా కింద మేస్త్రీ కూడా నవ్వాడు. అలా నవ్వుతూనే నాన్న కుడి పక్కకు తిరిగాడు. లైటు ఇంకా అటే ఉంది, ఆర్పడం మర్చిపోయాను.

"ఇదేమిటి?"

"చంద్రుడు నాన్నా. వాళ్ళకు ఆడమనిషి." ఇక దాచలేను. "సూర్యుడి చెల్లెలు."

నాన్న వేలు గుంట దగ్గరికి తీసుకెళ్ళి, తాకకుండా, ఒక్కో దెబ్బ మీదుగా జరిపాడు. "ఎవరు కొట్టారు?"

"మనవాళ్ళే."

"అన్నను ఉంచుకున్నారుగా. ఈమెనెందుకు?"

"తెలీదు నాన్నా."

"నాకు తెలుసు." గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయమేసింది. "కొట్టినవాడు నాలాంటివాడే. కోపం కాదు అమ్మడూ, కోపం అని చెప్పుకున్నాడు. భయం. ఆమె పక్కన నిలబడితే తనదంతా ఎక్కడిదో జనానికి తెలిసిపోతుందని."

కింద నుంచి మేస్త్రీ కేక పెట్టాడు. "అయ్యగారూ, అయిదు నిమిషాలే! పూయమంటారా, వద్దా?"

"వెనక పెరటిగోడ పెచ్చులూడింది కదా, దానికి పూయి."

"పెద్దలేమంటారో..."

"సాయంత్రం నేను మాట్లాడతాను. వింటే వింటారు. లేకపోతే ఇంకో పాస్టర్ని చూసుకుంటారు. ముందు నువ్వు బకెట్ తీసుకెళ్ళవయ్యా, గడ్డకడుతోంది."

బకెట్ చప్పుడు తలుపు దాటింది. గట్టిగా అరవాలనుంది, నాన్న మెడ పట్టుకుని ఊగాలనుంది, కానీ నాన్న నా వైపు తిరగలేదు, ఆ గుంటనే చూస్తున్నాడు.

"ఈ ముఖం మళ్ళీ వేయగలవా?"

అబద్ధం చెబుదామనిపించింది, వేయగలను కూడా, ఆ ముఖం ఎలా ఉండేదో నాకంటే బాగా ఎవరికి తెలుసు. "వేయకూడదు నాన్నా. మా పనిలో అది తప్పు. పోయింది పోయినట్టే కనబడాలి. మిగిలినది ఊడిపోకుండా గుంట అంచులు మాత్రం పట్టుకోగలం, సూదితో సున్నపుతేట ఎక్కించి. కాస్త కాస్తగా, ఎన్నిసార్లో ఎక్కించాలి."

"అలా చేస్తే ఎన్నాళ్ళుంటుంది?"

"ఎవరో ఒకరు వచ్చి చూసుకుంటూ ఉంటే ఉంటుంది."

నాన్న కోటు విప్పి పక్కన పెట్టాడు, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "అయితే మొదలుపెట్టు. నాకు నలభై ఏళ్ళు ఆలస్యమైంది."

నేను సూదిలోకి తేట ఎక్కించాను. లైటు ఎటు పట్టాలో నాన్నకు తెలియలేదు, మణికట్టు పట్టుకుని చూపించాను. చెయ్యి నొప్పెడుతుంది, కాసేపు దించమన్నా నాన్న దించలేదు.